నా కేక నాకిప్పించండి

తార్నాకలో ఒక టోపీ నా పరువును నిలువునా ముంచిన కథ చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. ఆ రోజు హోటలంతా నవ్వింది, మీరొక్కరు ఎక్కువా?

తొంభైల మొదట్లో మాట. కడప జిల్లా నుంచి ఎం.ఏ. చదవడానికొచ్చి యూనివర్సిటీ హాస్టల్లో పడ్డాను. నా రూమ్మేటుది భువనగిరి దగ్గర పల్లె. శనివారం క్లాసు కాగానే బస్సెక్కేవాడు, సోమవారం పొద్దున దిగేవాడు. మా ఊరికి పోవాలంటే రాత్రంతా రైలు ప్రయాణం. అందుకని ఆ రెండు రోజులూ గదిలో నేనూ, సీలింగ్ ఫ్యానూ. మా ఇద్దరిలో ఫ్యానే ఎక్కువ మాట్లాడేది. మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి పెళ్లి బ్యాండు వినిపిస్తే, ఎవరి పెళ్లో తెలియకపోయినా కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా వినేవాణ్ని.

ఆదివారం సాయంత్రం మెస్సు మూత. ఆకలి వంకతో తార్నాక చౌరస్తా దాకా నడిచి, ఒక చాయ్ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చునేవాణ్ని. కూర్చుని చిటికె వేసేవాణ్ని. "పట్నంలో చిటికె వేయకపోతే నిన్నెవడూ లెక్కచేయడు" అని ఒక సీనియర్ చేసిన జ్ఞానబోధ అది. చిటికె వినగానే మా చిన్నాన్న వయసున్న సర్వర్ ఒకాయన, భుజాన తుండుగుడ్డతో వచ్చి నిలబడేవాడు.

ఆ హోటల్లో బిల్లు కాగితం ఉండదు. మనం తిని గల్లా వైపు నడుస్తుంటే, సర్వర్ ఉన్నచోటి నుంచే మన వాలకమూ, మనం తిన్నదీ గల్లా దగ్గర కూర్చున్న ఓనరు సేఠ్‌కు వినబడేలా కేక పెడతాడు. "నీలం అంగీ! ఒక చాయ్, ఒక సమోసా!" ఒక వారం నేను నీలం అంగీ. వానొచ్చిన వారం గొడుగు సార్. జలుబు చేసిన వారం తుమ్ముల సార్. మీ దగ్గర దాపరికమెందుకు, సగం ఆ కేక కోసమే వెళ్లేవాణ్ని. అంత పెద్ద పట్నంలో నేనొకణ్ని ఉన్నానని గట్టిగా చెప్పే మనిషి ఆయనొక్కడే.

ఇంతలో సెలవులొచ్చాయి. మా అమ్మ మొక్కు తీర్చడానికి తిరుమల వెళ్లి గుండుతో తిరిగొచ్చాను. దూరపు కొండలే కాదండీ, దగ్గరి గుండ్లూ నునుపే. నా తలలో హాస్టల్ ట్యూబ్‌లైటు కనబడేది. హబ్సిగూడలో ఒక టోపీ కొని, ఎవరడిగినా "నాకు ఎండ పడదు" అని చెప్పాను. అది వానాకాలం. చాయ్ హోటల్‌కు మాత్రం, అక్కడ మనవాళ్లెవరుంటారులే అని, బోడిగానే వెళ్లాను.

సరిగ్గా ఆ మరుసటి వారమే నా జీవితంలో అద్భుతం జరిగింది. మా క్లాసు సుజాత, "ఐతారం ఏడికి పోతవ్ నువ్వు? మమ్ముల గూడ తీస్కపో" అంది. ఇంకో ఇద్దరు తోడయ్యారు. నాకు స్నేహితులు! టోపీ చెవులదాకా లాక్కుని, పెళ్లికొడుకులా ముందు నడిచాను.

హోటల్లో కూర్చోగానే ఊళ్లో పెత్తందారులా చిటికె వేశాను.

"ఏయ్! ఇట్లా రా. నాలుగు చాయ్, నాలుగు సమోసా. బిరీన తే!"

"తెస్త సార్" అని ఆయన వెళ్లాడు.

"ఆయన పేరేంది?" అని సుజాత అడిగింది.

"ఎవరికి తెలుసు? చిటికె వేస్తే చాలు" అన్నాను గొప్పగా.

తిన్నాం, నవ్వుకున్నాం, లేచాం. గల్లాకు ఇంకా బారెడు దూరం ఉండగానే వెనక నుంచి కేక పడింది.

"టోపీ కింద గుండు సార్! నాలుగు చాయ్, నాలుగు సమోసా!"

ముగ్గురూ నా టోపీ వైపు చూశారు. ఒకడు దాన్ని తీశాడు కూడా. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టకూడదంటారు. నేను బోడిగుండుకూ పరువుకూ ముడిపెట్టాను.

"ఏమప్పా, నాకు పేరు లేదా?" అని సర్వర్ మీద విరుచుకుపడ్డాను.

"ఎన్నడన్న చెప్పిండ్రా సార్?"

"నరసింహులు! విన్నావా? నా పేరు నరసింహులు!"

హోటలంతా బల్లలు చరిచి నవ్వింది. గల్లా దగ్గర సేఠ్ లేచి, "ఏయ్ నర్సింహులు! ఏంది లొల్లి? ఇటు రా!" అని అరిచాడు.

"చూశారా! సేఠ్ కూడా నన్ను ఏయ్ అంటున్నాడు!" అన్నాను.

సర్వర్ మెల్లగా చెప్పాడు. "మిమ్ముల కాదు సార్. నన్ను."

ప్రతి ఆదివారం సేఠ్ ఆ పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాడు. సాక్షాత్తు నా పేరు! ఒక్కసారీ తల తిప్పలేదు. సర్వర్లను పిలిచే పిలుపులు నా చెవికి గిన్నెల చప్పుడుతో సమానం.

"సార్‌కు మాఫీ చెప్పు" అన్నాడు సేఠ్.

"తప్పైంది సార్" అన్నాడాయన, నేల చూస్తూ.

నవ్వులు ఆగిపోయాయి. సుజాత ఆయనతో "చాయ్ మంచిగున్నదన్నా" అని, నా వైపు చూడకుండా బయటికి నడిచింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే వెళ్లారు.

తర్వాతి ఆదివారం మళ్లీ ఒక్కణ్నే వెళ్లాను. ఆయన మర్యాదగా వచ్చాడు, మర్యాదగా చాయ్ పెట్టాడు. నేను లేవగానే గల్లా దాకా నడిచి, వంగి, సేఠ్ చెవిలో ఏదో చెప్పాడు. కేక లేదు! పచ్చ చీరమ్మకు కేక, కళ్లద్దాల తాతకు కేక, నాకు గుసగుస. తిరిగొచ్చేటప్పుడు క్యాంపస్ రోడ్డంతా ఖాళీగా ఉంది. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

కొన్నాళ్లు ఆ గుసగుసలే భరించి, చివరికి ఒక ఆదివారం నోరు తెరిచాను.

"నర్సింహులన్నా!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏంది సార్?"

"చిటికెలు వేసింది నేను, తప్పైందని చెప్పింది నువ్వు. మన్నించన్నా. నా కేక నాకిచ్చెయ్."

"సేఠ్ గుస్స అయితడు సార్."

"సేఠ్‌కు నేను చెప్పుకుంటా."

"ఏమని ఒర్లాలె మరి? వెంట్రుకలు గూడ వచ్చినయి గద."

"నీ ఇష్టం అన్నా."

లేచి గల్లా వైపు నడిచాను. పరీక్ష ఫలితాలప్పుడు కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు. వెనక నుంచి, చౌరస్తాలో బస్సులు కూడా ఆగి వినేంత గట్టిగా వచ్చింది కేక.

"చిన్న నర్సింహులు! ఒక చాయ్, ఒక సమోసా! ఒక్కడే వచ్చిండు! వచ్చే ఐతారం దోస్తులను తోల్కొస్తడు!"

హోటలంతా మళ్లీ నవ్వింది. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మర్నాడు క్లాసులో సుజాత దగ్గరికి వెళ్లి, "పెద్ద నర్సింహులన్న మిమ్మల్ని తోలుకురమ్మన్నాడు" అని చెప్పాను.

కాబట్టి పాఠకులారా, అహోబిలం నరసింహుడి మీదా, యాదగిరిగుట్ట నరసింహుడి మీదా ఒట్టు. ఈ జన్మలో ఏ హోటల్లోనూ చిటికె వేయను, ముందు పేరు, తర్వాతే చాయ్. గుండు మీద టోపీ కూడా పెట్టను. ఈ రెండో ఒట్టు ఇప్పుడు మరీ అవసరం, ఎందుకంటే ఈసారి గుండు ఏ మొక్కూ లేకుండా దానంతటదే వచ్చింది.