దలా సీటు కోసం ఇరవై రెండు నిమిషాల ప్రార్థన

ఎలీజా గారు ముప్పై నాలుగేళ్ళుగా నది అవతలి దలా పేటకు ప్రతినిధి. ప్రభుత్వంలో కాదు, నదికి ఇవతల లమ్మడా పేటలో ఓ పాత మేడ మీద కూడే తెలుగు క్రైస్తవుల సహాయ సంఘంలో. ఫెర్రీ రేవులో టిక్కెట్లు చింపే ఉద్యోగం చేస్తూనే పదిహేడు ఎన్నికలు గెలిచారు. దలాలో ఎవరు పోయినా సంఘం వాళ్ళు శవపెట్టె పట్టుకుని నది దాటి వెళ్తున్నారంటే అది ఆయన పోట్లాట ఫలితమే. అంతకుముందు శవాన్నే ఇటు తెచ్చుకోమనేవారు.

మొన్న డిసెంబరులో ఆ సీటే తీసేస్తామన్నారు. అక్కడ తొమ్మిది కుటుంబాలే మిగిలాయట. కొద్దిమందే కదా అని వాళ్ళ తరఫున మాట్లాడే నోరు తీసేయడాన్ని పొదుపు అనరు, వదిలించుకోవడం అంటారు.

ఓటింగు ఆదివారం పొద్దున. సంఘంలో ఒక నియమం ఉంది: ప్రారంభ ప్రార్థనకు ఆమెన్ పడగానే తలుపు మూస్తారు, బయట ఉన్నవాళ్ళకు ఓటు లేదు. చర్చంతా అయ్యాక వచ్చి చెయ్యెత్తి పోయే ఇటువైపు షాపువాళ్ళ మీద కోపంతో ఎలీజా గారే పెట్టించిన నియమం అది. ఆ రోజు నది మీద దట్టంగా మంచు, ఫెర్రీలు ఆలస్యం. ముందురోజే ఇటు వచ్చేసిన ఆయనకు మనవరాలు జూలియట్ ఫోన్ చేసింది.

"ఫెర్రీ ఇప్పుడే కదిలింది తాతా. మనోళ్ళందరూ ఇందులోనే ఉన్నారు."

అధ్యక్షుడు విన్సెంట్ గడియారం చూసి, "పెద్దోరు, ప్రార్థన మీరే సెయ్యండి" అన్నాడు.

ఎలీజా గారు కళ్ళు మూసుకున్నారు. సంఘంలో పోయినవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకున్నారు. కరెంటు కోసం, బస్సుల కోసం, విన్సెంట్ మోకాళ్ళ కోసం వేడుకున్నారు. వెనక నుంచి ఎవరో ఆశగా "ఆమెన్" అన్నారు.

"ఇంకా నేదు" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

"ఏటన్నా ఇది, ప్రార్థనలో రాజకీయమా?" విన్సెంట్ గొణిగాడు.

"ప్రభువా, ఇన్సెంటుకి ఓపిక కూడా ఇయ్యి."

ఇరవై రెండో నిమిషంలో మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. దలా వాళ్ళు రొప్పుతూ లోపలికొచ్చి గోడవారన నిలబడ్డారు. ఆయన ఒక్క కన్ను తెరిచి తలలు లెక్కపెట్టుకుని, "ఆమెన్" అన్నారు.

ఐదు ఓట్ల తేడాతో సీటు నిలిచింది.

విన్సెంట్ ఊరుకోలేదు. ఇకమీదట ప్రారంభ ప్రార్థన ఐదు నిమిషాలు దాటకూడదని అక్కడికక్కడే తీర్మానం పెట్టాడు. అందరికంటే ముందు లేచిన చెయ్యి ఎలీజా గారిది.