లాభం, రెండు, మూడు

మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది నేనే. మణుగూరు బొగ్గు లారీలు లేపే దుమ్ము గిన్నెల్లో పడకుండా చూసుకోవడమే అందులో సగం పని. నేను చదివింది రెండో తరగతి. మా మనవరాలు అదే బడిలో మూడో తరగతి.

దానికి లెక్కలంటే కడుపునొప్పి. దొంగ నొప్పి కాదు, నిజం నొప్పే. పలక మీద తీసివేత పడగానే పొట్ట పట్టుకుని వచ్చి నా పొయ్యి దగ్గర ముడుచుకుని కూర్చునేది.

కొత్తగూడెం నుంచి బస్సులో వచ్చే టీచరమ్మ ఒక్కతే అన్ని తరగతులకూ చెప్పాలి. మూడో తరగతి దాటేలోపు పిల్ల కొలవాలట, కూడాలట, తీసెయ్యాలట, చేసింది నోటితో చెప్పాలట. "ఇవన్నీ నేనెప్పుడు చెప్పాలమ్మా? ఒక్క తరగతికి చెప్తుంటే మిగతావాళ్ళు జుట్లు పట్టుకుంటున్నరు" అని నా దగ్గర మొత్తుకునేది. ఒకరోజు పొయ్యి దగ్గర పిల్లను చూసి, "రేపటి నుంచి బియ్యం దీనితోనే కొలిపియ్యమ్మా. ఎన్ని డబ్బాలు పోసింది, ఇంకెన్ని పొయ్యాలె, అదే చెప్పాలె" అంది.

మా ఇళ్ళల్లో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. తర్వాతే రెండు, మూడు. ఒకటి అంటే ఇంట్లోకి వచ్చే గింజ ఆ ఒక్కదానితోనే ఆగిపోతుందని మా అత్త చెప్పేది. పిల్ల నా పక్కన కూర్చుని అట్లాగే కొలిచేది. టీచరమ్మ విని నవ్వింది, వద్దనలేదు.

కొన్నాళ్ళకు కడుపునొప్పి మాయమైంది. మిరపకాయలు ఏరడానికి పోయిన తల్లీ తండ్రీ ఇంటికి రాగానే పిల్ల వాళ్ళకు బడి బియ్యం లెక్కలు అప్పజెప్పేది. నా మీద పెత్తనం కూడా మొదలుపెట్టింది.

"నానమ్మా, చిన్నోళ్ళకు జొరాలు. ఇయ్యాల రెండు డబ్బాలు తగ్గియ్యి."

"అగో, నాకే చెప్తున్నవా?"

"మరి మిగిలితే నువ్వే తింటవా అంత?"

అట్లాంటి రోజుల్లో పరీక్ష అన్నారు. పిల్లలకు ఏమాత్రం వచ్చో చూడటానికి పైనుంచి సారు వస్తాడట. రానివాళ్ళను ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్తారట. ఆ పొద్దున మనవరాలు తనే తలకు నూనె రాసుకుని, నాకంటే ముందు బడికి పోయింది.

సారు మంచివాడే. ముందర గిన్నె, గ్లాసు, బియ్యం పెట్టి, "ఎన్ని గ్లాసులు పడతయో కొలిచి చెప్పు బుజ్జీ" అన్నాడు.

పిల్ల గ్లాసు నింపి పోసింది. "లాభం."

"ఒకటి అనాలె. మళ్ళ పొయ్యి."

మళ్ళీ పోసింది. మళ్ళీ లాభమే అంది.

టీచరమ్మ ముందుకొచ్చింది. "వీళ్ళిండ్లల్ల గట్లనే అంటరు సార్. పోనియ్యండి, లెక్క తప్పదు."

"నాకు తెల్వదా మేడం? మా అమ్మ గూడ గట్లనే అనేది" అన్నాడు సారు, చేతిలో ఫోను చూపిస్తూ. "కానీ ఈ ఫోన్ల ఒకటి అన్నదా లేదా అని అడుగుతున్నది. నేనేం కొట్టాలె?"

పిల్ల తలుపు దగ్గరున్న నా వైపు చూసింది. "అను బిడ్డా, ఏం గాదు" అన్నాను.

"మనింట్ల గింజలు ఆగిపోతయి గదా నానమ్మా."

పిల్లలంతా గొల్లున నవ్వారు. దాని చేతిలో గ్లాసు ఒలికింది. సారు పాపం పుల్లలు తీసి చేతిలో పెట్టాడు. అవి గింజలు కావు, పుల్లలైతే ఒకటి అనేదే. కానీ అప్పటికే నోరు బిగించుకుంది. కిందపడ్డ బియ్యం ఒక్కొక్క గింజా ఏరుతూ కూర్చుంది. సారు ఇంకా వేరే బళ్ళకు పోవాలి. పక్క పిల్లను పిలిచాడు.

ఒకటో తరగతి పిల్లల మధ్య మా మనవరాలు మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చునేది. టీచరమ్మ ఫోన్లు చేసింది, బతిమాలింది. సారు ఫోనులో ఒకసారి ఎక్కించింది మళ్ళీ ఏడాది దాకా మారదన్నారు. చివరికి ఆమే పుల్లలు పట్టుకుని, ఒకటి అను, రెండు అను అని దానికి చెప్పాల్సి వచ్చింది. కడుపునొప్పి తిరిగొచ్చింది. బియ్యం దగ్గరికి పిలిస్తే రాలేదు. కొన్నాళ్ళకు బడికే రానంది.

టీచరమ్మ ఇంటికొచ్చి అడిగింది. పిల్ల తలుపు వెనక నుంచి కదల్లేదు. కోడలు అంది, "ఆడ కూసోని ఏడ్చుడు కంటె నాతోని చేనుకు రానియ్యండి మేడం." టీచరమ్మ బస్సు టైమైందని లేచింది.

ఇప్పుడు బియ్యం నేనే కొలుస్తున్నాను. మొదటి డబ్బా దగ్గర లాభం అనడానికి నోరు రాదు. మొదటిది అననప్పుడు మిగతావీ రావు. మొన్న అట్లా ఊరికే పోసుకుంటూ పోతే అన్నం తక్కువైంది. చివరి వరస పిల్లలకు గిన్నె గీకి పెట్టాను. ఇంకో డబ్బా పొయ్యమని చెప్పే మనిషి మిరపచేలో ఉంది.