తలుపుల్లేని గుడిసెలు

ఒక్క మాట నన్ను కొన్నేళ్ళుగా తినేస్తోంది. పెద్ద మాటేం కాదు. “లేరండి” అన్నాను, అంతే. ఎవరికీ చెప్పుకోలేదు. నా పేరు తెలియని మీకు చెబుతున్నాను.

ఇప్పుడు నేను బాపట్లలో పిల్లలకి పాఠం చెబుతాను. పట్టణాల్లో పేదలకి ఇళ్ళు ఎందుకు అందవు, ఉన్న భూమిని ఎవరి కోసం వాడుతున్నాం, ఇవే నా పాఠాలు. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుండాలి కదా?

అప్పట్లో తెనాలిలో ఒక పరిశోధనలో పనిచేసేదాన్ని. నిలువనీడ లేనివాళ్ళు, కాలవగట్టు మీద గుడిసెలేసుకున్నవాళ్ళు ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడం మా పని. ఆ గట్టు మీద నడకదారి వేయాలని అధికారులు అనుకుంటున్నారు. మనుషులు కాపురముంటున్న గుడిసెలైతే వేరేచోట స్థలం చూపించాకే తీయాలి. ఖాళీ గుడిసెలైతే ఎవరికీ ఏమీ చూపించనక్కర్లేదు. ఖాళీయో కాదో చెప్పాల్సింది మేము.

వానాకాలంలో మొదటిసారి వెళ్ళినప్పుడు రత్తమ్మ పరిచయమైంది. యాభై దాటిన మనిషి, కూతురితో ఉండేది. వాన తగ్గేదాకా తన గుడిసెలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఎండలు ముదరకముందే ఆ గట్టువాళ్ళంతా నిజాంపట్నం వెళ్ళి చేపలు ఎండబెట్టే పనిలో ఉంటారని, మళ్ళీ వానలకి తిరిగొస్తారని చెప్పింది. వెళ్ళేటప్పుడు తలుపు ఊడదీసి వెంట తీసుకెళ్తారట. గుడిసె మొత్తంలో ఖరీదైనది ఆ రేకు తలుపే. వదిలితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, తీసుకెళ్తే అక్కడ గాలికి అడ్డం పెట్టుకోవచ్చు. నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

ఎండాకాలంలో మళ్ళీ వెళ్ళాను. ఒక్క గుడిసెకీ తలుపు లేదు. రత్తమ్మ గుడిసెలో పొయ్యిరాళ్ళు, ఒక మూల శుభ్రంగా కడిగి బోర్లించిన కుండ. నాకు తెలుసు. చూడగానే తెలుసు. తెలియక చేశానని నన్ను నేను నమ్మించుకోవాలని ఎంతగానో చూశాను, ఆ కుండ ఒప్పుకోదు.

మీటింగులో మా సార్ అడిగారు, అక్కడెవరైనా ఉంటున్నారా అని. ఉన్నారంటే నిజాంపట్నం వెళ్ళాలి, ఒక్కొక్కరినీ వెతికి మాట్లాడాలి, పని నెలల తరబడి సాగుతుంది. అధికారులు తొందరపెడుతున్నారు. నా ఉద్యోగం పొడిగించాలా వద్దా అన్నది కూడా అప్పుడే తేలాలి. చకచకా పని ముగించే మనిషి అనిపించుకోవాలని ఉంది. భయమా? ఆశా? లేక ఆ ఎండలో రేపల్లె మీదుగా బస్సుల్లో తిరగాలన్న విసుగా? విసుగేనేమోనని ఇప్పటికీ అనుమానం, ఆ అనుమానమే ఎక్కువ బాధిస్తుంది. లేరండి అన్నాను.

ఉద్యోగం పొడిగించారు. గట్టు చదును చేశారు.

వానలు పడ్డాక రత్తమ్మ తెనాలి బస్టాండులో కనబడింది. గోడకి తలుపు ఆనించి ఉంది, దాని వెనక కూతురు పడుకుని ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది. తిట్టినా బాగుండేది.

“మేం వచ్చేసరికి అంతా చదును చేసేశారమ్మా. అడిగితే అక్కడ మనుషులే లేరంట. ఎవరో చూసి చెప్పారంట. నువ్వు మా ఇంట్లో కూచున్నావు గదా. చదువుకున్నదానివి, నీ మాటింటారు. మేం ఉన్నామని ఓ మాట చెప్పమ్మా.”

“చెప్తాను పిన్నీ” అన్నాను.

చెప్పలేదు. చెబితే ఆ ‘ఎవరో’ నేనేనని తేలుతుంది. బస్టాండు వైపు వెళ్ళడం మానేసి రైల్లో తిరిగాను. చాలా రోజులకి ధైర్యం చేసి వెళ్తే వాళ్ళు అక్కడ లేరు. తర్వాతి ఎండాకాలంలో నిజాంపట్నం వెళ్ళి అడిగాను, ఆ ఏడు పనికి రాలేదన్నారు. ఆ పక్కనున్న అడవులదీవిలో అడిగాను, ఎవరికీ తెలియదు. చిరునామా లేకుండా చేసింది నేనే, ఇక ఎక్కడని వెతకను?

ఆ గట్టు మీద ఇప్పుడు సాయంత్రాలు జనం నడుస్తారు. ఎంత బాగుందో అని ఎవరైనా అంటే నేనూ తలూపుతాను.

ఇది చదివి ఎవరో ఆమెకి స్థలం ఇస్తారన్న ఆశ నాకు లేదు. ఆమె బతికుందో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం తేలికైంది, అందుకూ సిగ్గుగానే ఉంది. ఆమె చెప్పమన్న మాట మాత్రం ఇంకా మిగిలే ఉంది. వినాల్సినవాళ్ళు ఎవరూ ఇక్కడ లేరు. అయినా చెబుతున్నాను.

ఆ గుడిసెల్లో మనుషులున్నారండి. రత్తమ్మ ఉంది. ఆమె కూతురు ఉంది. తలుపు తీసుకుని పనికి వెళ్ళారు, అంతే.