మేమిద్దరం కట్టిన పడవ

మొన్న మా మరిది పెద్దకర్మ నాడు, భోజనాలకు కూర్చున్నవాళ్లంతా ఆయన వయసులో ఉండగా తన చేతులతో పడవ కట్టిన మొనగాడని చెప్పుకుంటుంటే, అన్నం కలుపుకుంటూ విన్నాను. పోయినవాడి మీద పంతమెందుకని ఊరుకున్నాను గానీ, ఆ పడవ కట్టింది నేనూ, మా ఆడపడుచూ.

మాది తడ ఊరికి ఇవతల, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లె. అప్పట్లో మా ఆయన తాటిచెట్టు మీంచి పడి, నడుం విరిగి మంచాన పడ్డాడు. ఉన్న ఒక్క పడవా అడుగు పుచ్చిపోయింది. మరిది పట్నంలో ఏదో పనిలో ఉన్నాడు. వడ్రంగం ఎరుగని మేమిద్దరం ఆ పుచ్చిన పడవనే కొలతగా పెట్టుకుని, గాలికి కూలిన వేపచెట్టును పలకలుగా కోయించి పనికి దిగాం. మొదటి పలకను బలవంతాన వంచబోతే మధ్యకు పగిలింది. ఆడపడుచు ఏడ్చింది, నేను తిట్టాను. తర్వాతిదాన్ని నీళ్లలో నానేసి, సెగ చూపిస్తూ, రాళ్లు బరువు పెట్టి కొంచెం కొంచెంగా వంచాం. మేకులు వంకరపోయేవి, వేళ్లు నలిగేవి. సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసి నీళ్లలోకి తోస్తే, ఒక పక్కకు ఒరిగింది గానీ మునగలేదు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఎక్కబోతుండగా ఊరిపెద్ద వచ్చాడు.

"బాగానే చేసినారు మే. ఇంక దాన్ని మగోళ్లకిచ్చి ఇంటికి పోండి."

"మా ఇంట్లో లేచే మగోడు లేడు గదా మామా," అన్నాను.

"మీ మరిదిని పిలిపిస్తాంలే. సరస్సులో వల వేసే వంతు ఊరు మగోళ్లకే గదా ఇచ్చేది."

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పి, నా తరఫున ఒక్క మాటైనా అంటాడేమోనని మంచం పక్కనే నిలబడ్డాను. "పెద్దాయన చెప్పింది నిజమే గదా," అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఊరిపెద్ద మాట మరిచిపోయాను గానీ, ఆ తిరగడం మాత్రం మరవలేకపోయాను.

మరిది వచ్చి పడవ తీసుకున్నాడు. అమ్మగా మిగిలిన చేపలు మా గుమ్మంలో పెట్టిపోయేవాడు. మేం చెయ్యి చాపి తీసుకునేవాళ్లం. ఎవరైనా అడిగితే మొదట్లో "ఇంట్లోనే కట్టినాం" అనేవాడు, పోనుపోను "నేనే కట్టినా" అన్నాడు. ఆడపడుచు బోగోలు పక్క ఊరికి కాపురానికి వెళ్లి, అక్కడే పోయింది. ఆమె చేతిపని సంగతి అత్తవారింట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడన్నీ ఫైబరు పడవలే. ఆడపిల్లలు వాటిని సరదాకి నడుపుకుంటూ పోతుంటే కాదనేవాడు లేడు. నిన్న ఒక పిల్ల ఒడ్డుకు ఆనించి, "రా అవ్వా, ఎక్కు, అట్లా తిప్పుకొస్తా" అంది. వెళ్లి అంచు పట్టుకున్నాను. ఎంత ఎత్తినా మోకాలు అంచు దాటలేదు. ఎత్తి కూర్చోబెడతానంది. వద్దని వెనక్కి వచ్చేశాను. కాలం మారిందంటారు, నిజమే. నా కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు మారలేదు.