గోడ అవతలి వేడి

కొన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండె మీద కూర్చుని ఉంది. పెద్దదేమీ కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరూ చావలేదు, కేసులు కాలేదు. అయినా ఏసీ బటన్ నొక్కబోయిన ప్రతిసారీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. పదో తరగతితో బడి మానేసి కిరాణా దుకాణంలో కూర్చున్నవాణ్ణి. మిగతా చదువంతా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. దాని మీద నాకు గర్వం ఎక్కువ. మందుల చీటీ, కరెంటు బిల్లు, ఏది అర్థం కాకపోయినా వాడవాళ్లు నా దగ్గరికే వచ్చేవారు.

మా వెనకింట్లో కనకమ్మ ఉండేది. చుట్టం కాదు, అయినా చిన్నమ్మా అనే పిలిచేవాణ్ణి. ఒంటరి మనిషి. జంపఖానాలు నేసి బతికేది. మా వెనక గోడకూ ఆమె మగ్గం గది కిటికీకీ మధ్య మూరెడు సందు. ఆ గదికి వెలుతురు ఆ ఒక్క కిటికీ నుంచే.

నా పుస్తకాల గదికి ఏసీ కొన్నాను. గోడకు కంత కొట్టి బిగించే రకం. ఎండకాలం చల్లగా, చలికాలం వెచ్చగా చేస్తుంది. పిల్లల కోసమని ఇంట్లో చెప్పాను. నిజానికి మధ్యాహ్నాలు నేను చదువుకోవడానికి. మెకానిక్ వీధివైపు గోడ బాగుంటుందన్నాడు. ఇంటి ముందు అందం చెడుతుందని నేను వెనక గోడ చూపించాను. పెట్టె బయటికి కాస్త వాలి ఉండాలని, లేకుంటే నీళ్లు గదిలోకి కారతాయని అతనికే పాఠం చెప్పాను. గదిలోని వేడిని ఆ యంత్రం వెనక నుంచి బయటికి తోస్తుందని కూడా చదివి ఉన్నాను. అది ఎవరి మీదికి పోతుందో ఆలోచించలేదు. ఆలోచించలేదా, ఆలోచించి పక్కన పెట్టానా?

కొన్నాళ్లకు ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చింది.

“కొడుకా, కిటికీ నుంచి ఉడుకు గాలి కొడతాంది. మీ మిషిన్‌దేనా?”

“మాది సల్లగ చేసే మిషిన్ చిన్నమ్మా, ఉడుకు ఎట్లిస్తది? మీ రేకులు కాగుతున్నయి. పుస్తకంల సదివిన.”

“అట్లనా. ఊకె మీ మిషిన్‌ను తిడుతున్న. ఇగ సూర్యున్నే తిడత. ఆయనైతే పంచాదికి రాడు.”

నవ్వుతూ వెళ్లిపోయింది. మర్నాడు రేకుల మీద తడి గోనెలు పరిచింది. నిచ్చెన పట్టుకున్నది నేనే.

వేడి తగ్గలేదు. చివరికి కిటికీ మూసేసి బల్బు వెలుగులో నేసింది. వయసు మీద పడ్డ కళ్లు. చారలు తప్పేవి. నూలు ఇచ్చే వ్యాపారి రెండుసార్లు మందలించాడని విన్నాను. విని ఊరుకున్నాను.

చలికాలం వచ్చింది. వేడి పెట్టుకుని, ఊరికే ఒకసారి సందులోకి వెళ్లి యంత్రం వెనక చెయ్యి పెట్టి చూశాను. చల్లగాలి. గది వెచ్చబడుతుంటే బయట చల్లబడాలి, పుస్తకంలో ఉన్నట్టే. లెక్క సరిగ్గా వచ్చిన పిల్లవాడిలా సంతోషపడ్డాను. అప్పుడు, ఆ చేతికి అందేంత దూరంలోనే మూసిన కిటికీ కనిపించింది. ఆ రోజు తలుపు తట్టి ఉంటే మగ్గం నిలిచేది. గమ్మున ఇంట్లోకి వచ్చి పుస్తకం తెరిచాను.

తర్వాతి ఎండకాలంలో వ్యాపారి నూలు ఆపేశాడు. మగ్గం విప్పి అమ్మేసింది. ఇప్పుడు కాజీపేటలో ఒక హాస్టల్లో వంట చేస్తోంది.

ఈమధ్య బస్సులో కలిసింది. పక్కన కూర్చున్న వంటామెకు నన్ను చూపించి, “ఈయన మా వాడ కొడుకే. మస్తు సదివిండు. ఏదడిగినా ఉన్నదున్నట్టు చెప్తడు,” అంది. నేను తల దించుకున్నాను. సిగ్గరి అనుకుని ఇద్దరూ నవ్వారు. నా స్టాపు రాకముందే దిగిపోయాను.

ఎందుకు చెప్పలేదు? చెప్పినా మగ్గం తిరిగి రాదు కదా అనేది నా సాకు. అసలు సంగతి వేరు. ఆమె కళ్లలో చదువుకున్నవాడిగా నాకున్న ఆ కాస్త చోటు పోతుందని భయం. ఆమె బతుకుతెరువు పోయినా, నేను ఇంకా నా పరువునే కాపాడుకుంటున్నాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. నోటితో ఎన్నడూ అనని మాటను కనీసం ఇక్కడ రాస్తున్నాను. ఆ వేడి మాదే చిన్నమ్మా. నువ్వు అడిగిన రోజే నాకు తెలుసు.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.