చిలకమ్మ చీలమండ

మా అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో చిలకమ్మ వంటమనిషి. జావా, టెస్టింగ్ అంటూ కోర్సులు చదివే అమ్మాయిలమంతా ఆవిడ చేతి పప్పు తిని బతికేవాళ్ళం. కారం ఎక్కువైందని ఎవరైనా మూతి తిప్పితే, "అయితే నీళ్ళు తాగు" అనేది. అందుకే నాకు నచ్చింది.

ఆవిడకి ఒకటే బాధ. చదును నేల మీద కూడా ఎడమ కాలు ఉన్నట్టుండి మడతపడేది. కిందటి ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మకి బోనం తీసుకెళుతుంటే, సరిగ్గా గుడి ముందు అలాగే మడతపడింది. నెత్తిమీది నైవేద్యం కుండ కాస్తా కిందపడి పగిలింది. ఆడబిడ్డ సత్తెమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. "అమ్మ నిన్నొద్దన్నది. ఇంక నువ్వు బోనమెత్తకు!"

ఎక్స్‌రే తీయిస్తే ఎముకలన్నీ బాగున్నాయని వచ్చింది. సత్తెమ్మకి ఇంకా బలం దొరికింది. "బొక్కలు మంచిగనే ఉన్నయంట. మరి కాలెందుకు తిరుగుతది? అమ్మ కోపమే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. చిలకమ్మ కూడా ఆ మాటే నమ్మి, ఏడాదిగా గుడి గుమ్మం తొక్కలేదంటే ఇంకా మండింది. మళ్ళీ ఆషాఢం దగ్గరపడుతుంటే కూరలు తరుగుతూ కళ్ళు తుడుచుకునేది. అడిగితే ఉల్లిపాయల ఘాటనేది. తరిగేదేమో బెండకాయలు!

పంజాగుట్టలో అచ్యుతరావు గారనే డాక్టరు కీళ్ళకి కూడా అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తారని తెలిసి, నేనే పట్టుబట్టి బయల్దేరదీశాను. స్కాన్ అనగానే హాస్టలంతా డాక్టర్లైపోయారు. "నీళ్ళు బాగా తాగాలక్కా, లేకపోతే ఏమీ కనపడదు" అని తలా ఒక చెంబు తాగించారు.

అక్కడ చూస్తే చుట్టూ కడుపుతో ఉన్నవాళ్ళే. పక్కావిడ, "ఎవరికండీ స్కాను, కోడలికా?" అని అడిగింది.

"నా కాలుకమ్మా" అంది చిలకమ్మ. కాసేపటికి నా చెయ్యి గిల్లింది. "జర జల్దీ పిలువుమను బిడ్డా, పానం పోతుంది!"

రిసెప్షన్ అమ్మాయి చీటీ చూసి పగలబడి నవ్వింది. "కాలి స్కానుకి నీళ్ళెందుకండీ?" చిలకమ్మ బాత్రూం వైపు పరుగెత్తబోతే మళ్ళీ కాలు మడతపడింది. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

డాక్టరు గారు చీలమండ బయటివైపు జెల్ రాసి, స్కాన్ పరికరం ఆనించి, పాదాన్ని మెల్లగా లోపలికి తిప్పారు. తెర మీద ఒక నల్లటి సందు తెరుచుకుంది.

"ఎముకని ఎముకతో బిగించి పట్టే లిగమెంట్ ఇది. తెగి, సరిగ్గా అతుక్కోలేదు. పాదం తిప్పితే సందు ఎలా పెరుగుతోందో చూడండి. ఎక్స్‌రేలో ఇది కనపడదు. ఎప్పుడైనా గట్టిగా బెణికిందా?"

"శానా ఏండ్లయింది సారూ. గ్యాస్ బండ మోస్తుంటే బెణికింది. పసుపు పట్టేసి పనికి పోయిన."

చిలకమ్మ ముందుకి వంగి తెర మీది ఆ సందుని చూసింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "మరి... అమ్మ నన్ను నూకలే గదా సారూ?"

ఆయనకి అర్థం కాలేదు. నేను సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "లేదమ్మా. మిమ్మల్ని పడేసింది ఇదే" అన్నారు.

అంతే, భోరుమంది. ఏడాది దుఃఖమంతా ఆ బల్ల మీదే కార్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు! డాక్టరు గారు కంగారుపడిపోయారు. "భయం లేదమ్మా, చీలమండకి బిగుతు పట్టీ వేసుకుని ఎక్సర్‌సైజులు చేస్తే చాలామందికి తగ్గుతుంది. ఈ ఏడాదికి మాత్రం బోనం వద్దు."

"గట్లనే సారూ!" అంది చిలకమ్మ, మొహం చాటంత చేసుకుని.

బయటికొచ్చి ఆటో ఎక్కగానే, "బల్కంపేట పోనియ్ భాయ్" అంది. గుడిలో అంతా వింటున్నారన్న సిగ్గు కూడా లేకుండా, పుట్టింటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా చెప్పింది.

"లోపల నరం తెగిందంట తల్లీ, నీకు సుత తెల్వదేమో. ఈ ఏడు సత్తెమ్మ తెస్తది. వచ్చే ఏడు నేనే తెస్త, ఏమనుకోకు."