ఫరసాన్ పల్లెలో రెండు రోజులు, గంగన్న మీద పడిన హురూబ్

గంగన్న పారిపోలేదు. పారిపోయాడని రాయించింది మా క్యాంపు ఆఫీసులో కాగితాలు చూసే నర్సింగం. సెలవిచ్చి, దావత్‌కు పంపినట్టు పంపి, మేము ఓడ ఎక్కిన రోజే గంగన్న పేరు మీద హురూబ్ పెట్టించాడు. అంటే పని వదిలి పరారైన మనిషని సర్కారు కంప్యూటరులో ఎక్కించడం. అది పడితే రావలసిన జీతం, సర్వీసు డబ్బు, మళ్ళీ ఈ దేశానికి వచ్చే దారి, అన్నీ పోతాయి. దొరికినచోట పట్టుకుని పంపేస్తారు. ఫరసాన్ దీవులకు వెళ్ళాలనుకునేవాళ్ళకు దారీ ఖర్చూ కింద చెబుతాను. ఈ మాట దాచి ముందు సముద్రం అందం రాయడం నా వల్ల కాదు.

సౌదీలోని జిజాన్‌లో మా కంపెనీ నితాఖత్ లెక్కలో, అంటే సొంత దేశపువాళ్ళకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే రూలులో, ఎర్ర రంగులో పడింది. సౌదీలు తక్కువ, మనం ఎక్కువ. పైగా పరాయి దేశపు పనివాళ్ళకు తలకింత అని లెవీ. తలలు తగ్గితే కంపెనీ గట్టెక్కుతుంది. ఈ సంగతి కరపత్రాల్లో చదివీ, క్యాంపులో నలుగురికి చెప్పీ, తీరా నా కళ్ళ ముందు జరిగేటప్పుడు గుర్తుపట్టలేకపోయాను. సిమెంటు రాక సైటు రెండు రోజులు ఆగింది. గంగన్న ప్లాస్టరింగ్ మేస్త్రీ, జగిత్యాల వైపు మనిషి. ఆరేళ్ళుగా సముద్రం పక్కనే ఉండి కాలు తడుపుకోలేదు. రాత్రి మెస్సులో అందరి ముందూ నర్సింగమే మాట కదిపాడు. "గంగన్నా, నీ ఇఖామా రెన్యువల్ నేను చూస్కుంట. తమ్మున్ని తోల్కొని దీవులు చూసి రా పో." తమ్ముడంటే నేను. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు.

సెలవు కాగితం అడుగుదామన్నాను. గంగన్నకు కోపమొచ్చింది. "మా పక్కూరోడు. వాని నోటిమాట చాలదా? గా కాయితాలు సదివి సదివి నీకు అందరు దొంగల్లెక్కనే కనవడుతుండ్రు." కాగితం లేకుండానే బయలుదేరాం.

బుధవారం తెల్లవారుజామున ఐదున్నరకు క్యాంపు నుంచి రేవుకు టాక్సీ, ఇరవై రియాళ్ళు. డ్రైవరు బంగ్లాదేశ్ మనిషి. ఓడకు టికెట్ డబ్బు లేదు, ముఫ్త్ అన్నాడు. వెంటనే నాకు అనుమానం.

"ఎవరు కడుతున్నారు?"

"సర్కార్."

"ఎందుకు?"

అద్దంలోంచి నన్ను చూసి, "నువ్వు ఈదుకుంటూ పో భాయ్, అప్పుడు ఏ అనుమానం ఉండదు" అన్నాడు. గంగన్న రేవు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

నిజంగానే ఉచితం. మామూలుగా ముందురోజే పేర్లు రాయించుకోవాలి, ఖాళీ ఉండి మావి రేవులోనే రాసుకున్నారు; అసలు ఇఖామా చేతిలో ఉండాలి. ఏడింటికి కదిలిన ఓడ ఎనిమిది దాటాక దీవి చేరింది. అక్కడి నుంచి పల్లెకు పికప్ బండి, ఇద్దరికీ కలిపి ముప్పై. పగడపు రాయితో కట్టిన పాత గోడలు, వాటి మీద ఆరేసిన వలలు. ఇక్కడి చాలామంది నల్లని ఒంటి మనుషులు. తాతల తాతలు ఆవలి ఆఫ్రికా ఒడ్డు నుంచి వచ్చి ముత్యాల కోసం ఈ నీళ్ళలో మునిగారట. వచ్చారో, తెచ్చారో అని నేను మనసులో అడ్డుప్రశ్న వేసుకున్నాను.

పడవ నడిపే సాలిమ్‌కు అరవై దాటి ఉంటాయి. మన దేశపు జాలరులతో పనిచేసి హిందీ నేర్చుకున్నాడు. చెయ్యి చాచి ముందు ఇఖామాలు అడిగాడు. నేను ఇవ్వలేదు. ఇఖామా పరాయి చేతికిస్తే మెడ ఇచ్చినట్టేనని నా పట్టు.

"తీరం పోలీసు దగ్గర పేర్లు రాయించాలి" అన్నాడు సాలిమ్. "తిరిగి రాకపోతే వెతకడానికి. పేరు రాయించకపోతే నువ్వెవరో చేపలకే తెలుస్తుంది."

చివరికి నేనే వెంట నడిచి, నా చేత్తోనే చూపించి రాయించాను. పడవలో ఇంకో అనుమానం. వేటకెళ్ళే ప్రతి పడవలో ఒక సౌదీ ఉండాలని కొత్త రూలు. ఈ ముసలాయన కూడా లెక్క కోసం కూర్చోబెట్టిన మనిషేనా అని చూశాను. ఆయన నీటి రంగు చూసి రాళ్ళ మధ్య నుంచి పడవను తప్పించిన తీరు చూశాక ఆ అనుమానం వదిలేశాను. మడ అడవుల దగ్గర గంగన్న మోకాళ్ళ దాకా దిగి, "ఉప్పురా తమ్మీ" అని రుచి చూసి మరీ చెప్పాడు.

పడవకు నూరు తీసుకున్నాడు. తందూరులో కాల్చిన చేపకూ, పడుకోవడానికిచ్చిన గదికీ ఏమీ తీసుకోలేదు. తర్వాత ఏం అడుగుతాడోనని నాకు సరిగా నిద్రపట్టలేదు. ఆ రోజు సాయంత్రం మగవాళ్ళంతా డప్పులు కొడుతూ ఎదురెదురుగా వరుసల్లో ఆడితే, గంగన్న లుంగీ ఎగగట్టి వాళ్ళ వరుసలో చేరిపోయాడు.

గురువారం మధ్యాహ్నం మూడున్నర ఓడ. సాలిమే రేవు దాకా దింపాడు. సిపాయి నా ఇఖామా చూసి పంపాడు. గంగన్నది చూసి పక్కన నిలబెట్టాడు. "హురూబ్. నిన్న పెట్టారు."

నర్సింగానికి ఫోన్ చేశాను. రెండోసారికి స్విచాఫ్. గంగన్న సిమెంటు దిమ్మె మీద కూలబడి, "మనోడే గదరా" అన్నాడు.

సాలిమ్ సిపాయి దగ్గరికి వెళ్ళాడు. "పారిపోయేవాడు తన పేరు చెప్పి సర్కారు ఓడ ఎక్కుతాడా? నా పడవ ఎక్కేముందు పోలీసు దగ్గర పేరు రాయించుకుంటాడా?" సిపాయి కంప్యూటరు తెర చూపించాడు. చాలాసేపు వాదించి, చివరికి పై అధికారిని పిలిపించి సాలిమ్ జామీను రాసిచ్చాడు. ఆదివారం ఎనిమిదింటికి జిజాన్ లేబర్ ఆఫీసులో గంగన్న హాజరు కావాలి, కాకపోతే జవాబు సాలిమ్ చెప్పాలి. వేలిముద్ర వేసి సిరా చొక్కాకు తుడుచుకున్నాడు.

ఆ జామీను మీదే గంగన్నను ఓడ ఎక్కనిచ్చారు. అప్పుడు కూడా నేను సాలిమ్‌ను అడిగాను. "నీకేం కావాలి?"

"ఆదివారం మీరు రావడం కావాలి" అన్నాడు.

ఇది రాస్తున్నది శుక్రవారం. టాక్సీవాణ్ణి, ఓడని, చేపముక్కని, చాచిన ప్రతి చేతినీ అనుమానించాను. మా యాసలో మాట్లాడినవాణ్ణి ఒక్క కాగితం అడగలేకపోయాను. అనుమానం తప్పని ఇప్పటికీ అనను. దానికి మనూరు, పరాయూరు అనే తేడా ఉండకూడదు, అంతే. వెళ్ళేవాళ్ళు ఇదొక్కటి చేయండి: ముద్ర వేసిన సెలవు కాగితం లేకుండా క్యాంపు దాటకండి, బయలుదేరే పొద్దునా తిరిగొచ్చే పొద్దునా లేబర్ శాఖ వెబ్‌సైటులో మీ ఇఖామా నంబరు కొట్టి చూసుకోండి.

ఇక మన క్యాంపువాళ్ళకు. ఆ రాత్రి మెస్సులో నర్సింగం మాట విన్నవాళ్ళు పదకొండు మంది, పేర్లు నేను రాయను. ఆదివారం ఉదయం ఏడున్నరకు లేబర్ ఆఫీసు గేటు దగ్గరికి రండి. నినాదాలు వద్దు, అవి మనకే చేటు. ఇఖామా తెచ్చుకోండి, విన్నది విన్నట్టు చెప్పండి. దీవి నుంచి సాలిమ్ శనివారమే బయలుదేరి వస్తున్నాడు. ఎనిమిదింటికి గంగన్న పేరు పిలిచేసరికి ఆ ముసలాయన ఒక్కడే లేచి నిలబడకూడదు.